నాలుగో వరుస దాకా

కంటి విభాగం ముందు బెంచీ మీద కూర్చుని సంపూర్ణమ్మకి నడుం పట్టేసింది. పక్కనే నిలబడిన కృప చేతిలో ఫైలుతో విసురుకుంటూ ఆసుపత్రినీ, మండలాఫీసునీ, ఎండనీ కలిపి తిడుతోంది. కృప ఆమె చెల్లెలి కూతురు. ఉయ్యూరులో బ్లౌజులు కుడుతుంది. పెద్దమ్మ పింఛను అప్పీలు పుణ్యమా అని మిషను మీద కూర్చున్న రోజులకంటే ఆఫీసుల ముందు నిలబడ్డ రోజులే ఎక్కువయ్యాయి.

"నువ్విలా మెదలకుండా కూర్చుంటావు కాబట్టే పెద్దమ్మా ఇదంతా. ఆ రోజు ఆ డాక్టరెవరో తోచిన అంకె రాసి పారేశాడు. అప్పుడే గట్టిగా అడిగుంటే మనకీ తిరుగుడు ఉండేదా?"

సంపూర్ణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పింఛను ఆపుతున్నట్టు నోటీసు వచ్చిన దగ్గర్నించీ ఈ మాట వచ్చినప్పుడల్లా ఆమె పలకడం లేదు.

ఆమె చూపుకి వచ్చిన జబ్బు వింతది. చుట్టూ అంచులు కనిపిస్తాయి. నడిమధ్య మాత్రం ఎవరో మసిగుడ్డ అడ్డం పట్టినట్టు ఉంటుంది. దారిలో గుంట తెలుస్తుంది, ఎదురొచ్చిన మనిషి ముఖం తెలియదు. అందుకే బజారులో ఒక్కతే నడిచి వెళ్తుంటే చూసినవాళ్ళు, ఈవిడకి దివ్యాంగుల పింఛనేమిటి అనుకునేవాళ్ళు. గది అద్దె, కంట్లో చుక్కలు, నోట్లో ముద్ద అన్నీ ఆ పింఛనే. మొన్న అందరికీ మళ్ళీ పరీక్షలు పెట్టినప్పుడు ఆమె లోపం పింఛనుకి కావలసిన నలభై శాతానికి తక్కువని తేలింది. సచివాలయం అమ్మాయి నోటీసు ఇస్తూ, "అప్పీలు పెట్టుకోండి మామ్మగారూ" అంది.

ఆ రోజు పరీక్ష గదిలో ఏం జరిగిందో సంపూర్ణమ్మకి ఒక్కదానికే తెలుసు.

ఆ రోజూ ఇలాగే వరుస. గది తలుపు తెరిచే ఉంది. ముందు వెళ్ళినవాళ్ళు గోడమీది అక్షరాలు ఒక్కొక్కరే పైకి చదువుతున్నారు. వింటూ కూర్చుంది. ఆమెకి చిన్నప్పటినుంచీ చెవిన పడ్డది పోదు. తన వంతు వచ్చింది. ఎదురుగా తెల్లటి పలక అంచులు తప్ప ఏమీ లేదు. ఆమె తడుముకోవడం చూసి అక్కడున్న కుర్రాడు, "చదువు రాకపోతే చెప్పు మామ్మా, బొమ్మల చార్టు పెడతాను" అన్నాడు. పాపం, మంచిగానే అన్నాడు. ఆమెకి మాత్రం ఒళ్ళంతా వేడెక్కింది. తమ పేటలో పదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్ల తను. పేటలో సగం మందికి అక్షరాలు దిద్దించింది తను. గొంతు సవరించుకుని, విన్నవి విన్నట్టు నాలుగో వరుస దాకా అప్పజెప్పేసింది.

"సంపూర్ణమ్మగారు! లోపలికి రండి."

ఈసారి డాక్టరమ్మ. గొంతు మెత్తగా ఉంది, అలసిపోయినట్టూ ఉంది. "చదవండమ్మా, కనిపించినంత వరకు."

ముందు వెళ్ళిన ముసలాయన అక్షరాలు ఊరంతా వినిపించేలా చదివి వెళ్ళాడు. అవన్నీ సంపూర్ణమ్మ నాలుక చివరనే ఉన్నాయి. పెదవులు బిగించుకుంది.

"కనపడట్లేదండీ."

కాగితాలు తిరగేసిన చప్పుడు. "పోయినసారి నాలుగో వరుస దాకా చదివారని ఉందే! ఇంతలో ఇంత తేడా ఎలా వచ్చింది? నేనేదో ఒకటి రాస్తే పైన కొట్టేస్తారమ్మా."

"అది తప్పుడు రాతండీ!" కృప ముందుకొచ్చింది. "మా పెద్దమ్మ ఒక్క అక్షరం కూడా చదవలేదు. బైబిలు మీద ఒట్టేసి చెప్తాను."

"కృపా, ఒట్లు వద్దే," అంది సంపూర్ణమ్మ. "చదివానండీ. చదవడమంటే... ముందువాళ్ళు చదువుతుంటే విని చెప్పాను."

డాక్టరమ్మ కలం బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"ఎందుకమ్మా అలా?" అంది డాక్టరమ్మ. "చదువు రాదని చెప్పడానికి సిగ్గుపడ్డారా?"

"చదువు వచ్చండీ. అదే వచ్చింది చిక్కు."

"ఓరి దేవుడా!" అంది కృప. "ఎన్ని ఆఫీసులు తిప్పావే పెద్దమ్మా నన్ను! ఆ డాక్టరుని ఎన్నెన్ని తిట్టాను! ఆగాగు, మరి ఆదివారం చర్చిలో వాక్యం చదువుతావు, అది?"

"శనివారం ఫోన్లో విని పెట్టుకుంటాను."

"పుస్తకం తలకిందులుగా పట్టుకోలేదు, అదే నయం!"

డాక్టరమ్మ పైకే నవ్వేసింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు, సంపూర్ణమ్మ చెవికి ఆ తేడా బాగా తెలుసు. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెయ్యి చాపింది. "ఎన్ని వేళ్ళు?"

"గాజు అంచు తెలుస్తోందండీ. వేళ్ళు లేవు."

కళ్ళలో చుక్కలు వేశారు. మంటగా ఉంటే నర్సు దూదితో చెంపలు తుడిచింది. తర్వాత డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి ఆనించి, దీపం పెట్టి రెండు కళ్ళలోకీ చాలాసేపు చూసింది. బయట జనం గొణుగుతున్నా తొందరపడలేదు.

"అప్పజెప్పిన సంగతి కూడా రాస్తున్నానమ్మా, లేకపోతే పైన నమ్మరు. లోపలి పొర నడిమధ్య దెబ్బతింది. శాతం పెరుగుతుంది, పింఛను ఆపరు. ఇది శాశ్వతమని కూడా రాస్తున్నాను. ఇంక పరీక్షలకి మళ్ళీ మళ్ళీ రానక్కర్లేదు."

కృప ఆమె భుజాలు పట్టుకుని ఊపేసింది. "విన్నావా పెద్దమ్మా? పర్మనెంటంట! ఇంక మనల్ని అడిగేవాడు లేడు!"

"విన్నాను."

రోజూ పొద్దున్నే చుక్కలు వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, నెమ్మదిగా తెరిచి, గోడమీది క్యాలెండరు వైపు చూసేది. ఇవాళ కాకపోతే రేపు అనుకునేది. అప్పీలు గొడవలో పడి, చూపు తిరిగి వస్తుందా అని ఎవరినీ అడగనేలేదు. అడగకుండానే ఇప్పుడు జవాబు వచ్చేసింది. పింఛను నిలబడటానికి కారణం కూడా అదే.

బయటికొచ్చి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నారు. సర్టిఫికెట్టు ఎక్కించే కంప్యూటరు గదిలో సర్వరు లేదట, భోజనాల తర్వాత రమ్మన్నారు. కృప మజ్జిగ ప్యాకెట్లు తెచ్చి, మూల కొరికి ఒకటి ఆమె చేతికిచ్చింది. పెద్దమ్మ ముఖం చూసి, ఆమెకి తగిలేంత దగ్గరగా జరిగి కూర్చుంది.

"కృపా, ఆ డాక్టరమ్మ ఎలా ఉంటుందే?"

"ఎందుకు?"

"ఊరికే. గొంతు బాగుంది."

కృప తలుపు సందులోంచి తొంగి చూసి వచ్చింది. "సన్నగా ఉంది. చామనచాయ. ముక్కుకి చిన్న పుడక. కళ్ళ కింద నలుపు, రాత్రి నిద్రపోయినట్టు లేదు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని టేబులంతా వెతుక్కుంటోంది."

సంపూర్ణమ్మ తల ఊపింది. "ఇంకా?" అంది.