మార్చి మడి

సాలమ్మ మడి గట్టున గొంతుక్కూర్చుని, చెక్క స్కేలును గ్లాడియోలస్ పూలకాడకు ఆనించి అంకె చదివింది. అక్షరాలు రావు. అంకెలు మాత్రం నాచారం పూలతోటలో కూలికి చేరాక, అక్కడ పూల మీద పరిశోధన చేసే సూర్యకళ మేడం నేర్పింది. 1988 మే నెల. తొమ్మిదింటికే మట్టి అరికాళ్లను చురుక్కుమనిపిస్తోంది.

నెలకో మడి చొప్పున దుంపలు నాటి, ఏ నెలలో నాటితే పువ్వు బాగా వస్తుందో రాసుకోవడమే అక్కడి పని. అక్టోబరులో నాటిన మడి చలికి హాయిగా పెరిగి, జనవరికి సాలమ్మ నడుము దాటింది. కింది నుంచి ఒక్కొక్క పువ్వే విచ్చుకుంటుంటే ఆమెకు ఉప్పల్ ద్రాక్షతోటలు గుర్తొచ్చాయి. పెళ్లయిన కొత్తలో పెనిమిటితో కలిసి పందిళ్ల కింద గుత్తులు కోసేది. తల మీద పచ్చటి నీడ, చీరంతా తీపి వాసన. తోటలు ప్లాట్లయ్యాయి. పెనిమిటి పోయాడు. అలాంటి నీడ మళ్లీ దొరకలేదు.

మార్చిలో నాటిన ఈ మడి ఎండకు గిడసబారాలి. కానీ అంకె రోజురోజుకూ పెరుగుతూనే ఉంది.

సూర్యకళ పుస్తకంలోంచి తలెత్తింది. "ఇంత పొడుగా? మొగ్గ అంచు కూడా మాడలేదే!"

సాలమ్మ స్కేలు కింద పెట్టింది. "నేనే మేడమ్మా. మీరు పొయినంక పగటీల తడి గోనెసంచులు కప్పిన. తలకాయలు వాలేస్తుంటే సూసుకుంట ఎట్లుండాలె?"

"ఎండకు ఏమవుతుందో చూద్దామనే కదా నాటింది, సాలమ్మా!"

"తప్పయింది. నన్ను పనిలకెల్లి తీసెయ్యకుండ్రి."

సూర్యకళ పెన్ను తీసింది. ఆ మడి అంకెలన్నీ కొట్టేసి, పక్కన 'నీడ ఇచ్చారు' అని రాసింది. మూడు నెలల పని.

"వచ్చే మార్చిలో మళ్లీ నాటుదాం. అప్పుడు మాత్రం కప్పకు."

"ఇగ కప్పను. అటు దిక్కే సూడ."

మధ్యాహ్నం సంచులను సాలమ్మే మడతపెట్టి పక్కన పెట్టింది. సాయంత్రానికి పై మొగ్గలు గోధుమరంగుకు తిరిగాయి. వాటికి నీళ్లు పట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఉప్పల్ దారి పట్టింది.

వానలు మొదలయ్యాక నాలుగు రోజుల జ్వరంతో సాలమ్మ ఇంట్లోనే కన్నుమూసింది. తోటకు కబురు మర్నాడు చేరింది.

మరుసటి మార్చిలో దుంపలు సూర్యకళే నాటింది. మే నెలకు కాడలు మూరెడే లేచాయి, మొగ్గలు అంచుల్లో మాడాయి. లెక్క ఈసారి సరిగ్గానే వచ్చింది. అంతా రాసుకుని, చేతులు కడుక్కోవడానికి ఆమె పంపు గదికి వెళ్లింది.

గూట్లో సాలమ్మ చాయ్ తాగే సత్తు గ్లాసు, కడిగి బోర్లించినది బోర్లించినట్టే ఉంది.