మిగిలిన చీటీ

పెయింటర్ మంచివాడే. మేడ మీది గాజు గదిలో గోడకు రంగు వేస్తూ, మొక్కల పేర్ల చీటీలకు మరకలు పడతాయని నలభై ఒక్కటీ పీకేశాడు. పని అయ్యాక తుడిచి, కుండీకొకటి చొప్పున తిన్నగా గుచ్చాడు. ఏ చీటీ దేనిదో మాత్రం చూడలేదు.

"ఎంత ముచ్చటగా పెట్టానో చూడమ్మా!" అని మెచ్చుకోలు కోసం కాసేపు నిలబడి మరీ వెళ్లాడు.

చీటీలు తారుమారయ్యాయని పిల్ల చూడగానే గుర్తుపట్టింది. చదువుకోడానికి పిన్ని ఇంటికి వచ్చి ఏడాదైంది. ఎవరైనా పలకరిస్తే చాలు ముడుచుకుపోతుందని ఇంట్లో నత్త అంటారు. "నేను వచ్చేదాకా మొక్కల్ని సరిగ్గా చూసుకుంటే, ఈ గది రెండో తాళంచెవి నీదే" అని ఊరెళ్తూ పిన్ని మాటిచ్చింది. రేపు పొద్దున్నే వస్తుంది.

"నోరు మూసుకుని ఊరుకో నత్తా," అన్నాడు బాబాయి. "ఆ విద్యలో నిన్ను మించినవాళ్లు లేరుగా!"

నత్త జుట్టు ముడేసుకుని, చీటీలన్నీ పీకి చాప మీద పరిచింది. ఒక్కో పేరు కింద పిన్ని ఆనవాలు కూడా రాసుకుంది. ఒళ్లంతా తెల్లజుట్టున్న 'ముసలాయన' కాక్టస్ ఇట్టే దొరికింది. గులకరాళ్ల మధ్య గులకరాయిలా నక్కిన జంట ఆకులూ దొరికాయి. బూడిద పూత పూసుకున్న ఆకులు పువ్వులా విచ్చుకున్న మొక్కను, పూత చెదురుతుందని ముట్టుకోకుండానే చుట్టూ తిరిగి చూసింది. బంతుల్లాంటి రెండింటి దగ్గర తికమకపడుతుంటే, ఒకదాని వంకీ ముల్లు చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఓహో, గాలం ముళ్లు నువ్వేనా!" అంది. మొక్కలతో అయితే మాటలు బాగానే వస్తాయి.

సాయంత్రానికి నలభై తేలాయి. ఒక కుండీ, ఒక చీటీ మిగిలాయి. 'స్తంభం కాక్టస్, పదిహేనేళ్లు.' గుచ్చబోయి చెయ్యి ఆపింది. పొద్దుట్నుంచి చూసిన ప్రతి కాక్టస్‌కీ ముళ్లు చిన్న దూది ఉండలోంచి పుట్టాయి. దీనికి దూది లేదు. కాండం అంచు మీదే జంట ముళ్లు, కొమ్ముల్లా.

"ఇంకా ఆలోచనేమిటే? గుచ్చెయ్!"

"ఇది కాక్టస్ కాదు బాబాయ్."

"పదిహేనేళ్లు పెంచిన మీ పిన్నికి తెలీనిది నీకు తెలిసిందా?"

నత్త చీటీని పుస్తకంలో పెట్టుకుంది.

పొద్దున పిన్ని సంచీ కూడా దించకుండా పైకెక్కింది. "నా స్తంభానికి చీటీ ఏదే?"

"పెయింటర్ చీటీలన్నీ కలిపేశాడు పిన్నీ. మళ్లీ సరిచేశాను. ఇదొక్కటీ... పెట్టను."

"పెట్టవా?"

"పెట్టను. ముళ్ల కింద దూది లేదు. కాక్టస్ కాదు."

పిన్ని ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత పిన్నీసు తీసి కాండానికి చిన్నగా గుచ్చింది. తెల్లటి పాలబొట్టు పైకొచ్చింది.

"కళ్లకు తగలనివ్వకు, మండుతుంది. నిజమే, స్తంభం కాక్టస్‌కు పాలు కారవు," అంటూ స్టూలు మీద కూలబడింది. "అమ్మినవాడు చెప్పింది నమ్మి, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ దీన్నే ముందు చూపించానే!"

నత్త చేతిలోని చీటీని వెనక్కి తిప్పి పెన్సిలు అందించింది. "రాయి."

"పేరు తెలీదు పిన్నీ."

"తెలిసినంతే రాయి."

'కాక్టస్ కాదు. పాలు కారే మొక్క. పేరు కనుక్కోవాలి' అని రాసి కుండీలో గుచ్చింది నత్త. తలెత్తేసరికి పిన్ని గుత్తిలోంచి తాళంచెవి ఊడదీస్తోంది.