పాకం పాక చుట్టూ గీసిన గుండ్రం

పెళ్లినాటికి నా చేతిలో ఉన్నవి మూడు: నాన్న నా పేర రాసిన కొండవాలు, దాని మీది మేపుల్ తోపు, చెట్ల నీరు కాచి పాకం తీసే వెడల్పాటి పెనం. కొండ కింది ఇల్లు క్లిఫర్డ్‌ది. నేల నాదే అయినా దాని గురించి మాట్లాడే నోళ్లు క్లిఫర్డ్‌వి, అతని తమ్ముడు డ్వైట్‌వి. కాచడం, సీసాలకెత్తడం, శనివారం సంతలో అమ్మడం నా వంతు. “మా వెర్నాకి అదో కాలక్షేపం,” అంటాడు క్లిఫర్డ్ చుట్టాలతో. ఆ కాలక్షేపమే ఏటా ఇంటి పన్ను కడుతోంది.

మార్చి చెట్ల నీరు కారే నెల, పొయ్యి వదిలి కదలడానికి లేదు. అందుకని భూసంరక్షణ ట్రస్టు నుంచి ప్రూయిట్ అనే ఆవిడ, నోటరీని వెంటబెట్టుకుని, కాగితాలతో, తోపులో నేను పాకం కాచే పాకకే వచ్చింది. సంతకం పెట్టాక కూడా నేల, చెట్లు నావే. ప్లాట్లుగా కోసే హక్కు మాత్రం నాకే కాదు, నా తరవాత కొన్నవాళ్లకీ ఉండదు. ఒక్క ఇంటికి చోటు అట్టేపెట్టుకోవచ్చు. ఆ చోటు చూపిస్తూ పటం మీద గుండ్రం గీయాలి. అన్నదమ్ములిద్దరూ నా భుజం మీంచి వంగి చూశారు.

“కొండ కొసన గియ్యి వదినా. నది కనబడుతుంది, రేపు మంచి బేరం తగులుతుంది,” అన్నాడు డ్వైట్.

“అసలెందుకిది? రోడ్డు వార నాలుగు ప్లాట్లు అమ్ముదామని ఎన్నేళ్లుగా చెప్తున్నా!” అన్నాడు క్లిఫర్డ్.

నిజమే, ప్రతి రాత్రీ భోజనాల బల్ల దగ్గర చెప్పాడు. సంతకం పెడితే నేల ధర సగానికి పడిపోతుంది. తన సరుకును తానే చవక చేసుకునే వ్యాపారి ఎక్కడైనా ఉంటుందా? రేపు నేను మంచాన పడితే? ఈ మనిషి తన ఇంట్లోంచి నన్ను పొమ్మంటే?

పెనంలో నురగ అంచు దాకా పొంగింది. వెన్న ముక్క విసిరాను. అణిగింది. పెన్సిల్ తీసుకుని ఈ పాక చుట్టూ గుండ్రం గీశాను.

డ్వైట్ నవ్వాడు. “ఈ పొగలో ఇల్లెవడు కొంటాడు వదినా?”

“కొనడానికి కాదయ్యా, నేనుండటానికి.”

క్లిఫర్డ్ నవ్వలేదు. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం బల్ల దగ్గర క్లిఫర్డ్ అలవాటుగా నోరు తెరిచాడు. ప్లాట్ల మాట మింగి, బంగాళాదుంపలు ఇటివ్వమన్నాడు. ఇచ్చి, మనసులో లెక్క కట్టుకున్నాను. పోయింది, నేల ధరలో సగం. వచ్చింది, నా నేల గురించి నన్ను ఒప్పించాల్సిన పని ఇక ఎవరికీ లేదు.