గోదారి మీద గని సైరన్

సైరన్ రెండోసారి కూసినా ఇసుకలో ఉన్నవాళ్లు ఒక్కరూ కదల్లేదు.

డ్యామ్ మీద గేట్ల మోటారు పక్కన నిలబడి ఎల్లేశం కిందికి చూస్తున్నాడు. మడుగు దగ్గర సమ్మవ్వ, ఆమె వాడకట్టు ఆడవాళ్లు దుప్పట్లు ఉతుకుతున్నారు. కూత వినగానే సమ్మవ్వ సబ్బు పక్కన పెట్టి, సద్దిమూట విప్పింది.

ఆమె తప్పేం లేదు. గోదావరిఖని చెవికి ఆ కూతంటే షిఫ్టు మారినట్టు. సకలజనుల సమ్మె రోజుల్లో తప్ప, ఆ కూతకే పొయ్యి ముట్టించారు, ఆ కూతకే మగవాళ్లను బొగ్గుబాయికి సాగనంపారు. ఉరకమని అది ఎన్నడూ చెప్పలేదు. కొత్త మోత కొంటే ఖర్చు మోతని, కాంట్రాక్టరు మూతబడ్డ గని సైరన్‌ను పాతసామాన్లలో కొని ఇక్కడ బిగించాడు. భద్రతా వారోత్సవంలో దానికి దండ కూడా వేశారు. దండా భద్రతా ఆ వారంలోనే వాడిపోయాయి.

నిరుడు ఇట్లాగే గేటెత్తితే వల వేస్తున్న సదయ్య కొట్టుకుపోయాడు. సైరన్ కొట్టామని చెప్పి అందరూ చేతులు కడుక్కున్నారు. డ్యామ్ మీద నీళ్లకేం కొదవ? సైరన్ మార్చమని ఎల్లేశం అడిగినప్పుడల్లా, గేటు తెరవడమే నీ నౌకరి, నోరు తెరవడం కాదని సూపర్‌వైజర్ రఘుపతి నవ్వేసేవాడు.

ఇప్పుడు రఘుపతి నవ్వడం లేదు. ఫోను చెవి నుంచి తీసి అన్నాడు:

"ఎత్తు ఎల్లేశం. సార్లు జల్ది అంటున్నరు."

"కింద బువ్వ తింటున్నరన్నా."

"నీళ్లొస్తె వాళ్లే లేస్తరు."

"సదయ్య లేసిండా?"

నీళ్లు ప్రమాదం గుర్తుకు ఇంకా చాలా కిందనే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. డ్యామ్ చూడ్డానికి వస్తున్న పెద్దలకు గేట్ల కింద తెల్లటి నురగ కనబడాలి, తొందరంతా అందుకే.

ఎల్లేశం మోటారు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. ఇసుకలో పడుతూ లేస్తూ మడుగు చేరాడు.

"అవ్వా, లేవు. గా కూత షిఫ్టుకు కాదు. గేట్లెత్తెటందుకు కొట్టిండ్రు."

సమ్మవ్వ చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. మరుక్షణం ఆడవాళ్లంతా తడి దుప్పట్లు భుజానేసుకుని గట్టెక్కారు. అక్కడికే దిగొచ్చిన రఘుపతి చెయ్యి చాచాడు. అందరూ ఎక్కారు గదా, ఇక తాళంచెవి ఇవ్వమన్నాడు.

"ఏటి మలుపు అవతల వలలోళ్లున్నరు. వాళ్లు సుత ఎక్కినంక ఇస్త."

"నీ నౌకరి పోతది రా."

"పోనియ్యన్నా. నా నౌకరిని గా సైరన్ కొన్న దుకాణంలనే అమ్ముకోండ్రి."

అతను మలుపు వైపు నడిచాడు. సమ్మవ్వ దుప్పటి కింద పడేసి, కొంగు దోపుకుని వెంట నడిచింది. ఆమె వెనక తక్కినవాళ్లు.

రఘుపతి చేతిలో ఫోను మోగుతూనే ఉంది. గేటు లేవలేదు. అతను ఫోనూ ఎత్తలేదు.