రెలింక్విష్‌కి మూడో చీటీ

ఈనక్ టారంట్ ఆ ఉదయం కూడా చీటీలు పేరుస్తూనే ఉన్నాడు. యార్క్ నిఘంటు కార్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా అదే పని. మెడ ముందుకు సాగిపోయింది. జిగురు తగిలి తగిలి బొటనవేలి చర్మం పెచ్చులు కట్టింది. ఒక్కో మాటకి ఉదాహరణగా ఊరూరి నుంచి పాఠకులు పుస్తకాల్లోని వాక్యాలు చీటీల మీద రాసి పంపేవారు. బద్ధకస్తులు పుస్తకాన్నే కత్తిరించి చీటీకి అంటించేవారు. రాస్తే తప్పులు దొర్లుతాయని, ఈనక్ కత్తిరించినవాటినే నమ్మేవాడు.

ఆ వేళ వంతు 'రెలింక్విష్' అనే క్రియది. లాటిన్‌లో దాని మూలానికి వెనక వదిలి వెళ్ళడమని అర్థం. ఇంగ్లీషులోకి వచ్చి, ఉన్న హక్కునో పట్టునో విడిచిపెట్టడమైంది. సంపాదకుడు గార్బట్ దానికి ఒక బిషప్పు వాక్యమూ, ఒక ప్రభువు వాక్యమూ ఎంచిపెట్టుకున్నాడు. ఈనక్ చడీచప్పుడు లేకుండా మూడో చీటీ కలిపాడు. అరవై ఏళ్ళకిందట పేదల ఆశ్రమంవాళ్ళు అతని తల్లి చేత ఒప్పించుకున్న కాగితంలోని వాక్యం అది: 'కెజియా టారంట్ అనే నేను నా మగబిడ్డను రెలింక్విష్ చేస్తున్నాను.' ఆమె పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఈనక్ ముసలి ప్రాణం కొట్టుకుంటోంది. అడగడానికి మాత్రం సిగ్గు.

గార్బట్ దాన్ని గదంతా వినేలా చదివాడు. గుమాస్తాలు ముసిముసిగా నవ్వారు.

"ఎవరోయ్ ఈ మహారాణి? బిషప్పు గారి పక్కన కుర్చీ వెయ్యమంటావా?"

పనికిరాని చీటీలతో పొయ్యి రాజేయడం ఆ గదిలో ఆనవాయితీ. గార్బట్ చీటీని మంటలోకి విసిరి చేతులు దులుపుకున్నాడు.

"అయ్యా, అది నకలు కాదండి," అన్నాడు ఈనక్ పొయ్యి వైపే చూస్తూ. "అసలు కాగితమే కత్తిరించి అంటించానండి."

"నకలు రాయడానికే కదయ్యా నీకు జీతం?"

ఈనక్ బిషప్పు చీటీనీ, ప్రభువు చీటీనీ కలిపి దారం కట్టి అచ్చుకు పంపాడు. అంతకంటే ఘోరం ఏముంటుంది? సాయంత్రానికి బల్ల మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడని గార్బట్ రెండుసార్లు కసిరాడు. మూడోసారి భుజం పట్టి కుదిపితే పక్కకు ఒరిగిపోయాడు.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. సామాను కోసం ఎవరూ రాలేదు. కొత్త గుమాస్తాకి చోటివ్వాలని సొరుగు దులిపితే ఒక పచ్చబడిన కాగితం జారిపడింది. దాని నడుమ చీటీ అంత కంత, కంత కింద రాయడం రాని చెయ్యి సంతకానికి బదులు సిరాతో గీసిన వంకర ఇంటూ గుర్తు.