రెండు రక్తాలు

తన భార్యను చంపింది ఆ రక్తపరీక్షల గదే. తాళాల మేస్త్రీకి ఇందులో అనుమానం లేదు. పొద్దున్నే ఆవిడ వేళ్ళు బిగుసుకుపోతుంటే అక్కడి కాగితం ‘నెగెటివ్’ అంది. నాలుగేళ్ళకు వేళ్ళు కొంకర్లు పోయాయి. తరవాత జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. అంతే.

ఆవిడ పోయి ఏడాది. వంటింటి గడియ మాత్రం రోజూ తెల్లవారుతూనే మోగుతోంది. టక్. కాసేపాగి, టక్. వేళ్ళు ముడవలేని మనిషి మణికట్టుతో పైకి నెట్టే చప్పుడు. అతను నూనె వేశాడు. మరలు బిగించాడు. చివరికి గడియే మార్చాడు. కొత్త గడియా పాత చప్పుడే చేసింది. ముప్పయ్యేళ్ళ పనిలో ఏ ఇనుమూ అతని మాట ఇలా తీసిపారెయ్యలేదు.

ఒక ఉదయం లేచి వెళ్ళి చూస్తే, తలుపు దగ్గర కూతురు. మణికట్టుతో గడియ నెడుతోంది.

“ఏమైందే?”

“లేవగానే గంటసేపు పిడికిలి పడట్లేదు నాన్నా. రెండు నెలల నుంచీ.”

“అయితే ఇన్నాళ్ళూ ఈ చప్పుడు నువ్వేనా?”

“బాగుంది. నేనొచ్చి పది రోజులేగా.”

అతను చొక్కా తొడుక్కున్నాడు.

డాక్టరు కీళ్ళవాతం పట్టే రెండు రక్తపరీక్షలు రాశాడు. అదే గది. రక్తం తీసేదీ అప్పటి ఆవిడే. కూతురు చీటీ చూసి నవ్వింది.

“ఆర్.ఎఫ్. చాలండీ. మళ్ళీ ఈ యాంటీ సీసీపీ దేనికి? ఒక ఒంట్లో రెండు రక్తాలుంటాయా?”

అది మేస్త్రీ మాట. భార్య చీటీలో రెండో పరీక్ష కొట్టేయిస్తూ ఈ బల్ల ముందే అన్నాడు. ఇంటికెళ్ళి ఆ ఒక్క మాటా గొప్పగా చెప్పుకుంటే అందరూ నవ్వారు, భార్య తప్ప. “రక్తంలోనే లేని నొప్పి వేళ్ళలోకి ఎక్కణ్ణుంచొచ్చింది?” అని ఆవిణ్ణి ఏళ్ళ తరబడి దెప్పాడు.

రక్తం తీసే ఆవిడ అతని వైపే చూసింది. “ఈ మాట ఇంతకు ముందు విన్నాను. మొదట్లో ఆర్.ఎఫ్. చాలామందికి ఏమీ చూపించదమ్మా. రెండోది కొందరికి కీళ్ళు పాడవకముందే పట్టిస్తుంది.”

“రెండూ చెయ్యండి,” అన్నాడు మేస్త్రీ.

“నీకెందుకు నాన్నా అంత పట్టుదల?”

“ఒక తాళంచెవి తిరక్కపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుంటామా?”

మొదటిది నెగెటివ్. రెండోది బాగా ఎక్కువ. వాపునూ దాన్నీ కలిపి చూసి, కీళ్ళవాతమేనన్నాడు డాక్టరు. ఇంకా ఏదీ చెడలేదు, మందు వెంటనే మొదలుపెడదామన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా కూతురు వంటింట్లో కూర్చుని రెండు చేతులూ వేడినీళ్ళ గిన్నెలో పెట్టుకుంది. మేస్త్రీ ఎదురుగా ఉన్నాడు.

టక్. కాసేపాగి, టక్.

కూతురు తలుపు వైపు చూసింది. తరవాత తండ్రి వైపు.

“నాన్నా, అమ్మకి రెండోది చేయించావా?”

గడియ సగం లేచి అక్కడే ఆగింది.

“మీ ఇద్దరికీ చెబుతున్నాను,” అన్నాడు మేస్త్రీ. “ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకండి.”