మూడు దేశాలకు ఇద్దరు

మా చండ్రుగొండలో విదేశాలు చూసొచ్చినవాళ్ళంతా పురుగుమందులు అమ్మేవాళ్ళే. డాక్టర్లు కారు, లెక్చరర్లు కారు. కంపెనీ చెప్పినన్ని డబ్బాలు అమ్మితే చాలు, ఏటా ఒకరిద్దరు డీలర్లను విమానం ఎక్కించి తిప్పుకొచ్చేవాళ్ళు. వచ్చినవాణ్ణి "ఏం చూసినవన్నా?" అని అడిగితే పెరుగన్నం ఎక్కడ దొరికిందో, ఎక్కడ దొరకలేదో చెప్పేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టడం ఎవరి వల్లా కాలేదు. ఇలాంటి మనుషులకు కిటికీ పక్క సీటు దండగని నాకు ఇప్పటికీ కోపమే.

రెండువేల ఆరులో ఆ అవకాశం నిర్మలాదేవికి వచ్చింది. బస్సులు ఆగేచోటికి ఎదురుగా ఉన్న విత్తనాలు, మందుల దుకాణం వాళ్ళది. భర్త వెంకటకృష్ణ పేరున వ్యాపారం కలిసిరాదని అయ్యగారు జాతకం చూసి చెప్పడంతో లైసెన్సు ఆమె పేరున తీశారు. ఊళ్ళు తిరిగి మందులు అమ్మేది ఆయన, బోర్డు మీద ఎండకు ఎండేది ఆమె పేరు. అంతకుముందు పంటకు పత్తి మందులు బాగా పోయాయి. కంపెనీ ఉద్యోగి సతీష్ వచ్చి, దీపావళి దాటాక సింగపూరు, మలేసియా, థాయిలాండు మూడూ చూపిస్తామన్నాడు.

"టికెట్ లైసెన్సున్నోళ్ళ పేరు మీదనే వస్తది. అంటే అమ్మకే. ఇంకొకరు రావాలంటే ఆ ఖర్చు మీదే," అన్నాడు.

"గంతేనా? అయితే ఆమె ఎంబడి నేనొస్తా," అని వెంకటకృష్ణ నవ్వాడు.

ఆ మాటకు నిర్మలాదేవి కాళ్ళు నేల మీద నిలవలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇద్దరూ కలిసి పోయినవన్నీ ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరివో దినాలు. అదీ జీపు నిండా చుట్టాలను ఎక్కించుకుని. ఇద్దరే, ఏ పనీ లేకుండా, ఊరు దాటింది లేదు. ఆమెకు కావలసింది అదే. అది సింగపూరైనా సరే, పక్కనున్న సుజాతనగరైనా సరే.

ఎండాకాలం మధ్యాహ్నాలు మందుల దుకాణంలోకి ఈగ కూడా రాదు. ఆ ఏడు ఆ వేళల్లో మొగుడూ పెళ్ళాలు బల్ల మీద పాత స్కూలు అట్లాసు పరుచుకుని కూచునేవాళ్ళు. పొద్దున లేస్తే మందులు, బాకీలు తప్ప వేరే మాటెరగని మనిషి, ఆమె వేలు ఎటు పోతే అటు చూసేవాడు. నేను సిగరెట్లకని రెండుసార్లు ఆ దుకాణం ముందు నుంచి పోయాను, ఆయన తల కూడా ఎత్తలేదు.

"పోయేదే పోతున్నం. ఒక్కో దేశంల ఉన్నయన్ని చూసి రావాలె," అనేవాడు.

"గట్ల ఉరికితే ఏదీ కండ్లల్ల నిలవదు. ఒక్కోకాడ రెండు చూద్దాం. ఒక పూట ఊరికే కూసుందాం."

"ఊరికే కూసునుడుకు గంత దూరం పోవాల్నా?"

"ఇక్కడ కూసుంటున్నరా మరి?"

ఆయన అట్లాసు పేజీ తిప్పాడు.

సింగపూరు నుంచి మలేసియాకు విమానం వద్దు, బస్సే కావాలంది ఆమె. ఒక దేశం అయిపోయి ఇంకో దేశం ఎక్కడ మొదలవుతుందో కళ్ళారా చూడాలట. సముద్రం థాయిలాండులో, ఆఖర్న. తిరిగి తిరిగి కాళ్ళు పీకుతున్నప్పుడే నీళ్ళ ఒడ్డు హాయిగా ఉంటుందని ఆమె లెక్క. కంపెనీవాళ్ళు కూడా అదే వరసలో తీసుకుపోతున్నారని సతీష్ చెప్పినప్పుడు, తన మాట విని మార్చుకున్నారన్నంత గర్వపడింది.

ఇద్దరూ ఖమ్మం పోయి పాస్‌పోర్టులకు దరఖాస్తు చేశారు. వెంకటకృష్ణ పోలీసు ఎంక్వైరీ కాగితం ముందు వచ్చింది. ఆయనే స్టేషనుకు పోయి సంతకం పెట్టొచ్చాడు. ఆమెది వెనక వస్తుందన్నారు.

ఇక్కడ మా వైపు దుకాణాల మర్యాద ఒకటి చెప్పాలి. చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి ఎవరైనా లైసెన్సుదారు పేరు పెట్టి అడిగితే, ఊళ్ళో లేరని చెప్పడం ఆ మర్యాద. ఉన్నారంటే తనిఖీకి గోడౌను తెరవాలి, శాంపిళ్ళు తీయించాలి, ప్రతిదానికీ సంతకం పెట్టాలి, ఆ రోజు బేరం గంగలో కలుస్తుంది. లేరంటే మళ్ళీ వస్తామని పోతారు. దుకాణం తెరిచిన కొత్తలోనే వెంకటకృష్ణ ఈ పాఠం భార్యకు నేర్పించాడు. ఆమె అందులో ఆరితేరింది. ముఖంలో ఒక్క గీత కదలకుండా తనను తానే ఊరు దాటించేది.

వానలు పడి బేరాలు ఊపందుకున్న రోజుల్లో, మామూలు చొక్కాలో ఒక మనిషి ఫైలు పట్టుకుని దుకాణం ముందు ఆగాడు. వెంకటకృష్ణ లేడు. బల్ల చుట్టూ రైతులు మూగి ఉన్నారు.

"నిర్మలాదేవంటే ఎవరు? ఇక్కడ ఉంటదా?"

"ఇక్కడ ఉండదండి. విజయవాడల ఉంటది," అంది నిర్మలాదేవి, విత్తనాల సంచీ తూకం నుంచి కళ్ళు తిప్పకుండా. "ఎప్పుడొస్తదో తెల్వదు."

అతను రాసుకుని వెళ్ళిపోయాడు. ఆమెకు ఆ సంగతి సాయంత్రానికే గుర్తు లేదు.

వెంకటకృష్ణ పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. ఆమెది రాలేదు. దసరా దగ్గర పడుతుంటే ఇద్దరూ ఖమ్మం పోయి అడిగారు. ఈ చిరునామాలో ఆ మనిషి నివాసం లేదని పోలీసు రిపోర్టు ఉందన్నారు.

"ఎవడు చెప్పిండు ఆ మాట? వాని సంగతి చూస్త," అని వెంకటకృష్ణ అక్కడే ఎగిరాడు.

నిర్మలాదేవికి తూకం, సంచీ, మామూలు చొక్కా ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. "నేనే చెప్పిన," అంది.

ఆయన చేయెత్తి నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది గాని, నవ్వు రాలేదు. మళ్ళీ ఎంక్వైరీకి రాయించుకుని బస్సెక్కారు.

దీపావళి వచ్చినా పాస్‌పోర్టు రాలేదు. పేర్లు ఇవ్వాల్సిన గడువు మర్నాటితో అయిపోతుందని సతీష్ ఫోను చేశాడు. టికెట్టు భర్త పేరుకు మార్చడానికి అమ్మ ఒక్క సంతకం పెడితే చాలన్నాడు.

"వచ్చిన టికెట్ పోగొట్టుకునుడెందుకు? ఈసారికి నేను పోయొస్త," అన్నాడు వెంకటకృష్ణ. "మళ్ళోసారి ఇద్దరం పోదాం."

"అవ్. పోయిరాండ్రి," అంది నిర్మలాదేవి.

అట్లా అన్నది గాని, నువ్వు లేకుండా నేనెందుకు పోవడం అని ఆయన అంటాడని ఎదురు చూసింది. సంతకం పెడుతూ చూసింది. సంచీలో గోంగూర పచ్చడి సీసా సర్దుతూ చూసింది. బస్సు కదిలి, ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపేదాకా చూసింది. ఆయన అనలేదు. ఆయన చెడ్డవాడు కాదు, అది మా ఊరంతటికీ తెలుసు. ఆ మాట ఒకటి ఉంటుందనే ఆయనకు తోచలేదు, అంతే. నాకు మాత్రం ఆయన్ని బస్సులోంచి కిందికి లాగాలనిపించింది.

ఆయన వెళ్ళాక ఆమె దుకాణం తెరుస్తూనే ఉంది, అమ్ముతూనే ఉంది. ఇప్పుడు బస్సులో ఉండాల్సింది, ఇప్పుడు దేశం మారాల్సింది అని లోపల ఒకటే నడక. అన్నం సయించడం లేదని మా ఇంట్లో ఆడవాళ్ళతో అందట. తను లేని చోటు మీద ఇంత బెంగ ఏమిటని తనమీదే విసుక్కుందట.

ఆయన థాయిలాండు చేరి ఉంటాడనుకున్న నాటి మధ్యాహ్నం దుకాణంలో ఫోను మోగింది. నేను అక్కడే ఉన్నాను, దోమల మందు కోసం. నా పక్కన అడవి దగ్గరి ఊరి నుంచి వచ్చిన ముత్యాలు, ముడుచుకుపోయిన మిరప కొమ్మ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు వెంకటకృష్ణ. దూరం నుంచి కదా, అరిచి మాట్లాడుతుంటే మాకూ వినబడుతోంది. "అందరు బజారుకు పోయిన్రు. నేను పోలే."

"ఎందుకు? ఒంట్ల బాగలేదా?"

"బాగనే ఉంది. ఏది చూసినా పక్కకు తిరిగి నీకు చెప్పబోతున్న. నువ్వు లేవు. నాకేం మంచిగనిపిస్తలేదే నిర్మలా. నువ్వుంటే బాగుండు."

ఆమె గోడకు ఆనుకుంది. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు ఉండి అనని మాట, మూడో దేశం దాకా పోయి అన్నాడు. ఆమెకు సంతోషమూ వచ్చింది, ఒళ్ళు మండేంత కోపమూ వచ్చింది. రెండూ కళ్ళలోకే వచ్చాయి.

"మళ్ళొకసారి అనండి," అంది.

అప్పటికే లైను తెగింది. ఫోను కూతపెట్టడం మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

"అమ్మా, తోటంతా ముడత పట్టింది. ఏం మందు కొట్టాలె?" అని ముత్యాలు కొమ్మ ముందుకు చాపాడు.

"ఆగు ముత్యాలూ. మాట్లాడుతున్న కదా," అంది నిర్మలాదేవి, రిసీవరు చెవి నుంచి తీయకుండా.

ముత్యాలు ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత కొమ్మను నెమ్మదిగా బల్ల మీద పెట్టి, బయటికి పోయి మెట్ల మీద కూచున్నాడు. నేనూ పోయి అతని పక్కన కూచున్నాను.